అల్లాయ్ వీల్స్‌కి పౌడర్ కోటింగ్: టైరు విప్పడం నుంచి నట్టు బిగించేదాకా

డివైడర్‌కి రాసుకుని అంచులు చెక్కుకుపోయాయి, పైనున్న పారదర్శక పొర (క్లియర్ కోట్) కింద తెల్లటి దారాల్లా తుప్పు పాకుతోంది, పాత పెయింటు పెచ్చులుగా లేస్తోంది. వీల్ గట్టిగానే ఉంది కాబట్టి కొత్తది కొనబుద్ధి కాదు. ఇలాంటి వీల్స్ ఉన్నవాళ్లే పౌడర్ కోటింగ్ ఎలా చేయించుకోవాలని ఎక్కువగా అడుగుతున్నారు. పౌడర్ కోటింగ్ అంటే పొడి రంగుని కరెంటు ఛార్జ్‌తో లోహానికి అంటించి, ఓవెన్‌లో కరిగించి గట్టిపరచడం. ఈ పని మొత్తం ఇంట్లో కాదు. వంటింటి ఓవెన్‌లో వీల్ పట్టదు, పట్టినా ఆ ఆవిర్లు ఇంట్లో ఉండకూడదు. కానీ సగం పని మీ చేతుల్లోనే ఉంది, మిగతా సగం మీ కళ్ల ముందు జరగాలి.

హైదరాబాద్‌లో పౌడర్ కోటింగ్ షాపులకు కొదవ లేదు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్, ఏ పారిశ్రామికవాడకు వెళ్లినా దొరుకుతాయి. చిక్కేమిటంటే వాటిలో చాలావాటికి రోజూ వచ్చేవి గేట్లు, గ్రిల్స్, ర్యాకులు, కరెంటు ప్యానెళ్లు. అంటే ఇనుము. మీరు తీసుకెళ్లేది పోత పోసిన అల్యూమినియం. గేటుకి చేసినట్టే వీల్‌కీ చేస్తే మొదట్లో బ్రహ్మాండంగా మెరుస్తుంది, ఒక వానాకాలం గడిచాక బండారం బయటపడుతుంది.

1. వీల్ పనికొస్తుందా, ముందు తేల్చుకోండి

రంగు సంగతి తర్వాత. వీల్‌ని శుభ్రంగా కడిగి, ఎండలో తిప్పుతూ చూడండి. స్పోకు హబ్‌ని (వీల్ మధ్య భాగాన్ని) కలిసే మూలలు, బోల్టు రంధ్రాల చుట్టూ, లోపలి బ్యారెల్ (టైరు కూర్చునే గొట్టంలాంటి భాగం) అంచు: పగుళ్లు ఎక్కువగా వచ్చేది ఈ మూడు చోట్లే. అనుమానంగా ఉంటే డై పెనెట్రెంట్ స్ప్రే వాడతారు. ఎర్ర రంగు కొట్టి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగులున్న చోట ఎర్ర గీత బయటికి వస్తుంది.

స్పోకులోనో హబ్ దగ్గరో పగులుంటే ఆ వీల్ తుక్కుకే. వెల్డింగ్ చేసి పైన కోటింగ్ వేస్తామంటే వినకండి. కోటింగ్ పగులుని దాచిపెడుతుంది, బాగుచేయదు.

వంకర ఉందా అన్నది బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తేలుతుంది. వీల్ తిరుగుతుండగా అంచు దగ్గర ఒక చాక్‌పీసు కదలకుండా పట్టుకుంటే, ఎత్తుగా ఉన్నచోట మాత్రమే గీత పడుతుంది. గుంతల్లో పడి లోపలి అంచు కొద్దిగా వంగితే సరిచేయించవచ్చు. కానీ అది కోటింగ్‌కి ముందే జరగాలి.

రెండు రకాల వీల్స్ విషయంలో ఆగి ఆలోచించండి:

- డైమండ్ కట్ వీల్స్: లేత్ మీద చెక్కిన ఆ మెరుపు పౌడర్‌తో తిరిగి రాదు. మొత్తం ఒకే రంగు అవుతుంది. నన్నడిగితే అదే మేలు, ఎందుకంటే దారపు తుప్పు మొదలయ్యేది ఎక్కువగా ఆ చెక్కిన ముఖం మీదే.
- క్రోమ్ ప్లేటింగ్ ఉన్నవి: ముందు క్రోమ్ మొత్తం తీయించాలి, దానికి వేరే షాపు. క్రోమ్ మీదే కొట్టిన పౌడర్ నిలవదు.

2. షాపులో అడగాల్సిన ప్రశ్నలు

చాలాచోట్ల బోర్డు మీద ‘సెవెన్ ట్యాంక్ ప్రాసెస్’ అని గర్వంగా రాసి ఉంటుంది. అది ఇనుము కోసం కట్టిన వరస: జిడ్డు తీయడం, కడగడం, యాసిడ్‌లో ముంచి తుప్పు తీయడం, ఫాస్ఫేటింగ్ వగైరా. ఆ తుప్పు తీసే యాసిడ్ తొట్టిలో అల్లాయ్ వీల్ మునిగిందంటే అల్యూమినియం కొరుక్కుపోతుంది. అందుకే మొదటి ప్రశ్న: “అల్యూమినియంకి విడిగా ట్రీట్‌మెంట్ ఉందా?” కిటికీల సెక్షన్లు కోటింగ్ చేసే షాపుల్లో ఇది ఉండే అవకాశం ఎక్కువ. వెతకడం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

మిగతా ప్రశ్నలు:

- బ్లాస్టింగ్‌కి (గాలి ఒత్తిడితో గరుకు రేణువులు కొట్టి పాత పొర తీయడానికి) ఏం వాడతారు? అల్యూమినియం ఆక్సైడ్, గ్లాస్ బీడ్ అంటే సరే. స్టీల్ షాట్ అంటే వద్దు.
- ఓవెన్‌లో గాలి వేడి చూస్తారా, జాబ్ (లోపల పెట్టిన వస్తువు) వేడి చూస్తారా?
- మాస్కింగ్‌కి (రంగు పడకూడని చోట్లు మూయడానికి) సిలికాన్ ప్లగ్గులు, హై టెంపరేచర్ టేపు ఉన్నాయా?
- పౌడర్ కొత్త డబ్బాదా, బూత్‌లో (పౌడర్ కొట్టే గదిలో) రాలింది ఎత్తి మళ్లీ వాడేదా?
- కోటింగ్ మందం కొలిచే మీటర్ ఉందా?
- నాలుగు వీల్స్ ఒకే రోజు, ఒకే బ్యాచ్ పౌడర్‌తో చేస్తారా?

చివరి ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి. కారు ఆగిపోకూడదని ఈ వారం రెండు, వచ్చే వారం రెండు ఇస్తే షేడ్ తేడా రావచ్చు, ముఖ్యంగా సిల్వర్, గ్రే మెటాలిక్‌లలో. ఎవరి దగ్గరైనా అదే కొలత స్టీలు రిమ్ములు అడిగి తెచ్చుకోండి, లేదంటే కారుని స్టాండ్ల మీద ఆపండి. ఒట్టి జాకీ మీద మాత్రం వదిలేయొద్దు.

3. కారు నుంచి విప్పడం, టైరు తీయించడం

నట్లు చక్రం నేలమీద ఉండగానే పావు చుట్టు వదులు చేయండి, ఆ తర్వాతే జాకీ ఎత్తండి. ప్రతి వీల్‌ ఏ వైపుదో గుర్తుపెట్టండి. స్టిక్కర్ ఓవెన్‌లో కాలిపోతుంది, మార్కర్ బ్లాస్టింగ్‌లో పోతుంది. చిన్న అల్యూమినియం ముక్క మీద అంకె కొట్టి తీగతో కట్టడమే నమ్మకం.

టైరు మెషీన్ మీదే తీయించండి. వీల్ షాపుకి వెళ్లేముందు వీటిలో ఒక్కటి కూడా దాని మీద ఉండకూడదు:

- టైరు, వాల్వ్
- టైర్ ప్రెషర్ సెన్సర్ (ఓవెన్ వేడికి దాని బ్యాటరీ, సర్క్యూట్ రెండూ పోతాయి)
- మధ్యలో లోగో క్యాప్, ప్లాస్టిక్ రింగులు
- పాత బ్యాలెన్సింగ్ బరువులు, వాటి కింద ఉండే జిగురు

టైరు షాపులో ఒక మాట గట్టిగా చెప్పండి: “టైర్ పాలిష్, సిలికాన్ స్ప్రే కొట్టొద్దు.” సిలికాన్ ఒక్క చుక్క మిగిలినా పౌడర్ కరిగేటప్పుడు అక్కడ గుండ్రటి గుంటలు పడతాయి.

టైర్లు ఎలాగూ బయటికొచ్చాయి కాబట్టి పక్కగోడ మీద డాట్ కోడ్ చివర నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. త్వరలో మార్చాల్సిన టైర్లయితే ఇప్పుడే మార్చేయండి. కొత్త కోటింగ్ మీద టైరు రెండుసార్లు ఎక్కించి దించడం దేనికి?

4. పాత పెయింటు పూర్తిగా తీయడం

పాత పెయింటు మీదే కొద్దిగా రుద్ది పౌడర్ కొట్టేస్తామనేవాళ్లు ఉంటారు. కింద పొర లేస్తే పైపొర కూడా దాంతోపాటే లేస్తుంది.

పెయింట్ రిమూవర్ పూసి, పొర ఉబ్బాక ప్లాస్టిక్ గరిటెతో గీకి, నీళ్లతో బాగా కడగాలి. మందపాటి గ్లవ్స్, కళ్లద్దాలు, గాలి ఆడే చోటు తప్పనిసరి. కాస్టిక్ సోడా నీళ్లలో ముంచడం చవకే గానీ, కాస్టిక్ అల్యూమినియాన్నే తినేస్తుంది.

తర్వాత బ్లాస్టింగ్. 80 నుంచి 120 గ్రిట్ అల్యూమినియం ఆక్సైడ్‌తో, ప్రెషర్ తగ్గించి కొట్టాలి. ఒకే చోట నాజిల్ ఆపితే గుంట పడుతుంది. స్టీల్ షాట్ ఎందుకు వద్దంటే, ఇనుప రేణువులు అల్యూమినియంలో గుచ్చుకుని, తేమ తగిలితే కోటింగ్ కింద నుంచే తుప్పు మొదలవుతుంది.

అయ్యాక వీల్ అంతా ఒకే రకం మ్యాట్ బూడిద రంగులో ఉండాలి. స్పోకుల వెనక, వాల్వ్ రంధ్రం చుట్టూ పాత పెయింటు మిగులుతుంటుంది. టార్చ్ వేసి చూడండి.

5. గీతలు, చెక్కుళ్లు

అంచు మీద గీతలకు 80 నంబర్ ఎమరీతో మొదలుపెట్టి 120, 180, 240, చివరికి 320 వరకు వెళ్లండి. గీత ఉన్నచోటే రుద్దితే పల్లం కనిపిస్తుంది. రెండు వైపులా కాస్త దూరం వరకు రుద్ది కలిపేయాలి. పౌడర్ గీతల్ని కప్పేస్తుందని నమ్మకండి. నున్నటి మెరుపు రంగుల్లో సన్న గీత కూడా తెలుస్తుంది.

లోతైన చెక్కుళ్లకు బాడీ షాపులో వాడే మామూలు పుట్టీ పనికిరాదు. ఓవెన్ వేడికి అది ఉబ్బుతుంది లేదా ఊడుతుంది, పైగా కరెంటు పారదు కాబట్టి పౌడర్ సరిగ్గా అతుక్కోదు. దానికి వేడి తట్టుకునే, లోహపు పొడి కలిసిన ఎపాక్సీ ఫిల్లర్ కావాలి. బయటి అంచు మీద పైపైన ఉన్న చెక్కుడయితే తెలిసిన చేతి టిగ్ వెల్డింగ్‌తో నింపి ఆకురాయితో సరిచేయవచ్చు. టైరు ఆనే గాడిని మాత్రం రుద్దొద్దు, గాలి లీకవుతుంది.

6. ముందస్తు కాల్పు

గేట్ల షాపులు తరచూ ఎగ్గొట్టే మెట్టు ఇదే. పోత అల్యూమినియంలో కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలో గాలి, తేమ, నూనె చిక్కుకుని ఉంటాయి. పౌడర్ కొట్టి ఓవెన్‌లో పెట్టగానే అవి బయటికి తన్నుకొచ్చి, కరిగిన పొర మీద దోసె చిల్లుల్లా పిన్ హోల్స్ పడతాయి.

మందు ఏమిటంటే, పౌడర్ లేకుండా ఒట్టి వీల్‌ని ముందే ఒకసారి కాల్చడం. ఆ వేడి తర్వాత పౌడర్ కాల్చే వేడికన్నా పది డిగ్రీలు ఎక్కువుంటే మంచిది. 180 దగ్గర గట్టిపడే పౌడర్ ఎంచుకుంటే ముందస్తు కాల్పు 190 దగ్గర సరిపోతుంది. వీల్ ఆ వేడికి చేరాక 20, 30 నిమిషాలు ఉంచండి. బయటికొచ్చిన నూనె మరకలు కనిపిస్తే అక్కడ మళ్లీ కొద్దిగా బ్లాస్ట్ చేయాలి.

వేడి ఎక్కువైతే నష్టమేమిటి? చాలా వీల్స్ ఏ356 రకం అల్యూమినియంతో పోసి, ఆ తర్వాత వేడి ప్రక్రియతో గట్టిపరిచినవి. ఆ గట్టిదనం రావడానికి పెట్టే చివరి వేడి దాదాపు 150 నుంచి 170 డిగ్రీలే. దాన్ని మించిన వేడిలో ఎక్కువసేపు ఉంచితే లోహం మెత్తబడుతుంది. 200 దాటనివ్వకండి. “250 పెట్టి పది నిమిషాల్లో తీసేస్తాం” అన్న చోట వీల్స్ దించకండి. రంగు నచ్చలేదని మళ్లీ మళ్లీ కాల్పించడమూ మంచిది కాదు.

7. కడగడం, కెమికల్ ట్రీట్‌మెంట్

కాల్పు తర్వాతే ఇది. ముందు చేస్తే ఆ పలచటి కెమికల్ పొర వేడికి దెబ్బతింటుంది.

వరస: అల్యూమినియంకి పనికొచ్చే డిగ్రీజర్, నీళ్లు, పైన పట్టిన ఆక్సైడ్ తీసే ద్రావణం, మళ్లీ నీళ్లు, ఆపైన క్రోమేట్ లేదా జిర్కోనియం ఆధారిత కన్వర్షన్ కోటింగ్. పౌడర్ లోహాన్ని పట్టుకుని ఉండేదీ, గీత పడ్డచోట తుప్పు పాకకుండా ఆపేదీ ఈ కంటికి ఆనని పొరే.

జిడ్డు పోయిందా లేదా తెలుసుకోడానికి మీటర్లు అక్కర్లేదు. వీల్ మీద నీళ్లు పోయండి. నీళ్లు పల్చటి దుప్పటిలా అంతటా పరుచుకుంటే శుభ్రం. బొట్లు బొట్లుగా విడిపోతే జిడ్డుంది, మళ్లీ కడగాలి.

ఇక మన ఊరి సమస్య: బోరు నీళ్లు. నగరంలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పు శాతం ఎక్కువ. చివరి కడుగుడు ఆ నీళ్లతో అయితే ఆరాక తెల్ల మరకలు మిగులుతాయి, వాటి మీద కొట్టిన కోటింగ్ కింద తర్వాత బుడగలు లేస్తాయి. చివరిసారి మాత్రం డీఎం నీళ్లు (లవణాలు తీసేసినవి), కనీసం ఆర్ఓ నీళ్లు వాడమనండి. నాలుగు వీల్స్‌కి రెండు క్యాన్లు చాలు, అవసరమైతే మీరే తీసుకెళ్లండి.

ఆరబెట్టాక ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. ఆ రోజే పౌడర్ పడాలి.

8. మాస్కింగ్: దగ్గరుండి చూడాల్సిన మెట్టు

కోటింగ్ పడకూడని చోట పడితే అందం కాదు, ప్రాణం సంగతి. నట్టు కూర్చునే ఏటవాలు గుంటలో పౌడర్ పొర ఉంటే, బిగించినప్పుడు గట్టిగానే ఉన్నట్టనిపిస్తుంది. నడిచేకొద్దీ ఆ పొర నలిగిపోయి నట్టు పట్టు వదులవుతుంది.

- నట్టు కూర్చునే గుంటలు: సిలికాన్ ప్లగ్గులు
- కారు హబ్‌కి ఆనే వెనక ముఖం: పాలిస్టర్ హై టెంపరేచర్ టేపు (ఆకుపచ్చది), అంచు వరకు కోసి
- మధ్య రంధ్రం (బోరు) లోపలి అంచు: టేపు
- వాల్వ్ రంధ్రం: ప్లగ్గు
- లోగో క్యాప్ లాక్ అయ్యే గాడి: మందంగా పడకుండా టేపు

పెయింటర్లు వాడే కాగితపు టేపు ఓవెన్‌లో మాడి జిగురు అంటుకుంటుంది. రాణిగంజ్ మార్కెట్లో అడిగితే సరైన టేపు, ప్లగ్గులు దొరుకుతాయి. షాపులో లేకపోతే మీరే కొని ఇవ్వండి.

9. పౌడర్ కొట్టడం

రకం ఎంపిక తేలికే. పైపొర పాలిస్టర్ అయి ఉండాలి. ఎపాక్సీ ఎండకి సుద్దలా పాలిపోతుంది, అది ప్రైమర్‌కే. రంగు చెప్పేటప్పుడు ‘కొంచెం డార్క్ గ్రే’ అనకుండా ఆర్ఏఎల్ నంబర్ (రంగులకిచ్చే ప్రామాణిక కోడ్) చెప్పండి: 9005 నలుపు, 7016 ఆంత్రసైట్ గ్రే, 9006 సిల్వర్. మెటాలిక్ అయితే పైన క్లియర్ కోట్ తప్పనిసరి, లేదంటే త్వరగా మరకలు పడుతుంది.

వీల్‌ని తగిలించే కొక్కెం ఒట్టి లోహానికి తగలాలి. పాత పౌడర్ గడ్డకట్టిన కొక్కేలతో ఎర్తింగ్ అందదు, పౌడర్ రాలిపోతుంది.

స్పోకుల మధ్య మూలల్లోకి పౌడర్ వెళ్లడం కష్టం. విద్యుత్ క్షేత్రం లోపలికి చొరబడదు కాబట్టి పౌడర్ అంచులకే పడుతుంది. అందుకని గన్ వోల్టేజీ, గాలి రెండూ తగ్గించి ముందు బ్యారెల్ లోపల, తర్వాత స్పోకుల వెనక, పక్కలు, మూలలు, ఆఖర్న ముఖం కొట్టాలి. పని తెలియని చెయ్యి ముఖంతో మొదలుపెడుతుంది.

ఒక్కో పొర 60 నుంచి 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) చాలు. రెండో పొరకి వోల్టేజీ ఇంకా తగ్గించాలి, లేకపోతే పౌడర్ వెనక్కి తన్ని గరుకుగా వస్తుంది.

వానాకాలంలో కంప్రెసర్ గాలిలో నీళ్లుంటాయి. ట్యాంకు కింద వాల్వ్ తిప్పి నీళ్లు వదిలారా, లైన్‌లో డ్రయర్ ఉందా చూడండి. పౌడర్ గడ్డలు కట్టిందంటే తేమ పట్టినట్టే.

10. ఓవెన్

డబ్బా మీద ‘180 డిగ్రీలు, 15 నిమిషాలు’ లాంటిది రాసి ఉంటే, ఆ 15 నిమిషాలు లోహం 180కి చేరాక మొదలవుతాయి. తలుపు వేసిన క్షణం నుంచి కాదు. గేటు రేకు చప్పున వేడెక్కుతుంది. వీల్ హబ్ మందం వల్ల చాలా ఆలస్యంగా వేడెక్కుతుంది. హబ్ దగ్గర థర్మోకపుల్ (లోహానికి తగిలించి వేడి కొలిచే తీగ) పెడితే ఖచ్చితంగా తెలుస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ గన్ పౌడర్ పడ్డ చోట సరిగ్గానే చూపిస్తుంది గానీ, ఒట్టి అల్యూమినియం మీద తప్పు అంకె ఇస్తుంది.

క్లియర్ వేసేట్టయితే మొదటి పొరని సగమే కాల్చి, దానిమీద క్లియర్ కొట్టి, చివర్లో పూర్తిగా కాల్చాలి. రెండు పొరలూ బాగా అతుక్కుంటాయి. టేపు, ప్లగ్గులు గోరువెచ్చగా ఉండగానే పీకాలి. పూర్తిగా చల్లారాక లాగితే అంచు పెచ్చులూడుతుంది. నీళ్లు పోసి చల్లార్చనివ్వొద్దు.

11. డబ్బు ఇచ్చేముందు

- మందం మీటర్‌తో నాలుగైదు చోట్ల చూడండి. మొత్తం 200 మైక్రాన్లు దాటకపోతే మంచిది.
- వీల్ వెనక వైపు, అసిటోన్‌లో ముంచిన దూదితో కొన్నిసార్లు గట్టిగా రుద్దండి. మెరుపు కాస్త తగ్గితే ఫర్వాలేదు. రంగు దిగి పొర మెత్తబడితే సరిగ్గా కాలలేదు.
- నట్టు గుంటలు, వెనక ముఖం వేలితో తడమండి. ఒట్టి లోహం తగలాలి.
- స్పోకుల మూలల్లో టార్చ్ వేసి పలచటి చోట్లు వెతకండి.

12. లోపం, కారణం, మందు

పిన్ హోల్స్: ముందస్తు కాల్పు చాలలేదు. కొద్దిగానే ఉంటే పైపొర రుద్ది, గ్యాస్ బయటికి వదిలే గుణమున్న పౌడర్ మళ్లీ కొట్టించాలి.

నారింజ తొక్కలాంటి గరుకు: పొర మరీ మందమో, మరీ పలచనో. కొద్దిగా ఉంటే వదిలేయండి, దానికోసం మరో కాల్పు దండగ.

గుండ్రటి గుంటలు: సిలికాన్ లేదా నూనె. మొత్తం తీసి మళ్లీ కడగడమే దారి.

పొరలు పొరలుగా లేవడం: కెమికల్ ట్రీట్‌మెంట్ లేదు, లేదా సరిగ్గా కాలలేదు. పైన అతుకులు వేసి లాభం లేదు, మొదటికి రావాల్సిందే.

నల్లటి రంగులో తెల్ల నలకలు: బూత్‌లో పాత పౌడర్ కలిసింది. ఇది షాపు తప్పు, మళ్లీ చేయించమని గట్టిగా అడగండి.

13. తిరిగి బిగించడం

ఒకరోజు ఆగి టైరు ఎక్కించండి. కొత్త వాల్వ్, మెషీన్ గోళ్లకి ప్లాస్టిక్ గార్డులు, అంచుకి టైరు పేస్టు. బ్యాలెన్సింగ్‌కి అంచు మీద కొట్టే క్లిప్పు బరువులు వద్దు, అవి కోటింగ్‌ని చీలుస్తాయి. లోపల అతికించేవే పెట్టించండి.

కారు హబ్ మీద తుప్పుని వైరు బ్రష్‌తో తీసేశాకే వీల్ పెట్టండి. నట్లు చేత్తో తిప్పి, వరసగా కాకుండా ఎదురెదురుగా బిగిస్తూ, చివర్న టార్క్ రెంచ్‌తో ముగించండి. అంకె మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. గాలి గన్‌తో కొట్టి పంపేయడాన్ని ఒప్పుకోవద్దు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్క్ చూడాలి. కొత్తగా కోటింగ్ చేయించిన వీల్స్‌కి ఇది తప్పనిసరి.

కడగడానికి మామూలు కార్ షాంపూ చాలు. వాటర్ వాష్ సెంటర్లలో రిమ్ముల మీద కొట్టే యాసిడ్ క్లీనర్ వద్దని ముందే చెప్పండి. ఎక్కడైనా రాయి తగిలి చిన్న పెచ్చు ఊడితే ఆ ఒక్కచోట పౌడర్ కొట్టడం కుదరదు. శుభ్రం చేసి, అదే ఆర్ఏఎల్ నంబర్‌లో టూకే (గట్టిపరిచే ద్రవం కలిపి వాడే) టచప్ పెయింటు సన్న బ్రష్‌తో వెంటనే అద్దేయండి.